ఫోను స్టేషన్‌లో ఉంది

నా భార్య బ్లౌజులు కుడుతుంది. కారేపల్లి దాటి అడవి వైపు వెళ్లే రోడ్డు మీద, బస్సులు ఆగే చోట, నాలుగు షట్టర్లున్న కట్టడం ఒకటుంది. అందులో రెండు మేం కిరాయికి తీసుకున్నాం. ఒకదాంట్లో ఆమె టైలరింగ్ షాపు, పక్కదాంట్లో నా జిరాక్స్, ఆన్‌లైన్ సెంటరు. ఓనరును బతిమాలి మధ్య గోడకు మనిషి పట్టేంత దారి కొట్టించుకున్నాం. ఆమె మిషను చప్పుడు నాకూ, నా ప్రింటరు చప్పుడు ఆమెకూ రోజంతా వినిపిస్తూనే ఉంటాయి. ఏదైనా ఒకటి ఆగితే రెండోవాళ్లం తల తిప్పి చూస్తాం.

మాది బోనకల్ వైపు. మా వాళ్లకు మిర్చి, పత్తి తప్ప వేరే లోకం లేదు. ఆమెది పర్ణశాల దగ్గర గోదావరి ఒడ్డున ఓ ఊరు. యాత్రికులు దిగేచోట వాళ్లమ్మ పూసల దండలు అమ్మేదట. పూసలు గుచ్చీ గుచ్చీ అలవాటైన వేళ్లు కాబట్టే మగ్గం వర్కు తొందరగా వచ్చిందని చెబుతుంది. పెళ్లయిన కొత్తలో ఈ కుట్టుపని ఆమె పొద్దుపోక చేసే వ్యవహారం అనుకున్నాను. కొన్నాళ్లకే నా షట్టరు ముందు కంటే ఆమె షట్టరు ముందు చెప్పులు ఎక్కువగా కనిపించడం మొదలైంది. తండాల నుంచీ, గూడేల నుంచీ, ఖమ్మం నుంచీ కూడా వస్తారు. మనిషి గుమ్మంలో నిలబడగానే భుజం కొలత చూపుతోనే చెప్పేస్తుంది. తర్వాత టేపు పెట్టి చూసుకుంటుంది గానీ అది మర్యాద కోసం.

ఇప్పుడు ఈ పని సగం ఫోనులోనే జరుగుతుంది. ఎవరో ఎక్కడో పెళ్లిలో ఓ బ్లౌజు చూసి ఫోటో తీసుకుంటారు, “అక్కా, ఇట్ల కుడతవా?” అని పంపుతారు. వాళ్ల చెల్లెలు పంపుతుంది, ఆ చెల్లెలి తోటికోడలు పంపుతుంది. అందుకే ఆమె నంబరు షాపు బోర్డు మీద పెద్దగా ఉంటుంది. కుట్టిన బ్లౌజు పెట్టిచ్చే కవరు మీదా ఉంటుంది. తెలియని నంబరు నుంచి ఫోటో వచ్చిందంటే కొత్త గిరాకీ వచ్చిందని ఆమె లెక్క.

షాపులో ఆమెతో పాటు ఇంకొకామె పనిచేసేది. లోపలి గూడెం మనిషి, ముప్పై ఏళ్లుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. ఎండాకాలం తునికాకు కోతకు, మిగతా కాలం కూలికి పోయేది. పిల్లల యూనిఫాం కుట్టించుకోవడానికి వచ్చి, ఫ్రేముకు బిగించిన బట్ట మీద జరీ పని చూస్తూ నిలబడిపోయింది. “నేర్చుకుంటవా చెల్లె?” అని నా భార్య అడిగింది. అట్లా మొదలైంది. ఏడాది తిరిగేసరికి ఆమె పించం కుడితే నెమలి ఇప్పుడే విప్పిందేమో అనిపించేది. పెళ్లి బ్లౌజుల వెనక భాగం మొత్తం ఆమె చేతికే వదిలేసేది నా భార్య.

శ్రావణం దగ్గరపడుతున్న రోజులు. పొద్దున్నే ఓ కొత్త నంబరు నుంచి నెక్ డిజైన్ల ఫోటోలు వచ్చాయి. “రేటెంత అక్కా?” అని కింద ఓ మెసేజి. ఎవరో ఆడమనిషి అనుకుని నా భార్య, “కొలత బ్లౌజు పట్టుకొని రామ్మా, చెప్త,” అని వాయిస్ పెట్టింది. తర్వాత ఫోను ఆ చెల్లె పక్కన పెట్టి తన మిషను దగ్గరకు వెళ్లింది. ఆమె అందులో నెమలి బొమ్మ చూసుకుంటూ సూది నడుపుతోంది. అదే నంబరు నుంచి ఇంకో ఫోటో వచ్చింది. డిజైనే అనుకుని వేలు పెట్టింది.

పక్క గదిలో మిషను ఆగింది. తల తిప్పి చూశాను. ఫోను నేల మీద లైనింగు ముక్కల మధ్య పడి ఉంది. ఆ చెల్లె రెండు చేతులూ చీరకు తుడుచుకుంటోంది, ఏదో అంటుకున్నట్టు. తుడిచిందే తుడుస్తోంది.

నా భార్య వంగి ఫోను తీసింది. చూసింది. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. “చెల్లె, ముందుగాల నీళ్లు తాగు,” అంది. ఆమె తాగేదాకా పక్కనే నిలబడి, అప్పుడు నా దగ్గరకు వచ్చింది.

“ఇగో, ఇది చూడు.”

ఒక మగవాడు బట్టల్లేకుండా తన ఒంటిని తానే తీసుకున్న ఫోటో. ముఖం మాత్రం లేదు. కింద రాశాడు: “దీనికి కొలత తీస్తవా అక్కా?”

ఆ నంబరుకు ఫోను చేశాను. మోగింది గానీ ఎత్తలేదు. మళ్లీ చేశాను, కట్ చేశాడు.

“బ్లాక్ చెయ్ వాణ్ణి,” అన్నాను.

“గిది మొదటిది గాదు,” అంది ఆమె.

“ఏందీ?”

“బోర్డు పెట్టిన కాడి నుంచి అప్పుడొకటి అప్పుడొకటి వస్తనే ఉన్నయ్. చూసుడు, బ్లాక్ చేసుడు, తీసేసుడు. నీకు చెప్తే బోర్డు మీద నా నంబర్ తీసి నీది పెట్టుమంటవని చెప్పలే.”

అప్పటికే ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కానీ ఆమెకు తెలిసిపోయింది. “బ్లౌజు చంకల కాడ బిగుతైతుందని గిరాకీ ఫోన్ చేస్తే నువ్వు మాట్లాడతవా?” అని అడిగింది.

మర్నాడు ఆ చెల్లె పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. సగం పించంతో నెమలి ఫ్రేము మీద అలాగే ఉండిపోయింది. మూడో నాడు నా భార్య, “బండి తియ్యి, గూడెం పోయొద్దాం,” అంది.

వర్షానికి దారి బురదగా ఉంది. వాళ్లిల్లు ఊరి చివర, చెట్లు మొదలయ్యే దగ్గర. ఆ చెల్లె లోపలే ఉంది గానీ బయటికి రాలేదు. ఆమె మొగుడు మంచం వాల్చాడు, కూర్చోమన్నాడు, మర్యాదకేం లోటు చేయలేదు. తర్వాత అన్నాడు, “అక్కా, నువ్వు మంచిదానివే. నీ మీద మాకేం లేదు. గానీ మాదాన్ని ఇగ ఫోన్ల పనికి పంపను.” లోపలి నుంచి అతని తల్లి వాళ్ల భాషలో ఏదో గట్టిగా అంది. అదేంటో అతను మాకు చెప్పలేదు. నా భార్య అడగలేదు.

వాదించలేదు కూడా. లేచి నిలబడి, గుమ్మం వైపు చూసి, లోపలున్నామెకు వినపడేలా అంది. “చెల్లె, నువ్వేం తప్పు చెయ్యలే. నేనేం చెయ్యలే. చేసినోడు ఎవడో వాణ్ణి పట్టించి మళ్లొస్త.”

తిరుగు దారిలో రోడ్డెక్కాక వెనక నుంచి, “కేసు పెడ్త,” అంది.

“ఆ నంబర్ ఎవనిదో నేను కనుక్కుంట,” అన్నాను. “మనోళ్లను నలుగురిని తీస్కపోయి వాని ఇంటి ముంగటే...”

“ఆగు. నువ్వు కొడితే అది నీ కేసైతది. ఇది నా కేసు.”

అప్పుడు నాకు కాస్త చిన్నతనంగా అనిపించిన మాట నిజం. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే అంతకంటే తిన్నగా ఇంకెవరూ చెప్పలేరనిపిస్తుంది.

ఖమ్మంలో వకీలుగా పనిచేసే ఒకావిడ మా షాపుకు పాత గిరాకీ. నల్లకోటు కింద వేసుకునే తెల్ల బ్లౌజులు ఇక్కడే కుట్టించుకుంటారు. నా భార్య ఆమెకు ఫోను చేసి స్పీకరులో పెట్టింది.

“ముందు ఆ ఫోటో తీసెయ్యకండమ్మా,” అన్నారావిడ. “నంబరు, టైము కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసి ప్రింట్లు పెట్టుకోండి. ఇట్లాంటి ఫోటోల కోసమే అని విడిగా ఒక చట్టం మనకు లేదు. కానీ కొత్త న్యాయ సంహితలో, ఆడమనిషికి ఇష్టం లేకుండా బూతుబొమ్మ చూపిస్తే అది లైంగిక వేధింపే. మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఫోన్లో పంపాడు కాబట్టి ఐటీ చట్టం కూడా వర్తిస్తుంది. రెండూ కలిపి పెడతారు.”

“అంటే అతుకు బట్ట అన్నట్టు,” అంది నా భార్య.

ఆవిడ నవ్వారు. “అతుకే. కానీ గట్టిగానే కుట్టారు లెండి. ఇంకో మాట. మీ ఫిర్యాదు ఆడ ఆఫీసరే రాసుకోవాలి. అది మీ హక్కు. అడగడానికి మొహమాటపడకండి.”

ప్రింట్లు తీసే పని నాదే కదా. నా సెంటర్లో ఆధార్ కార్డులు, పాసుబుక్కులు, హాల్ టికెట్లు ప్రింటు తీస్తాను. ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించి ఆ ఫోటో తీయాల్సి వచ్చింది. మా ప్రింటరు పాతది. కాగితాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది. నేను ముఖం గోడవైపు తిప్పుకుని నిలబడ్డాను. ఆమె తిప్పుకోలేదు. కాగితం చేతిలోకి తీసుకుని వెలుతురులో పట్టి చూసింది.

“కింద నంబర్ సరిగ పడలే. ఇంకోటి తియ్యి.”

“కలర్ల తియ్యాల్నా?” అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు.

“ఎట్ల వచ్చిందో గట్లనే తియ్యి.”

అంతలో బయట ఎవరో షట్టరు కొట్టారు, “అన్నా, ఒక్క జిరాక్స్!” అని. నేను కంగారుగా రెండు చేతులూ కాగితాల మీద కప్పేశాను, దొంగతనం చేసినవాడిలాగ. ఆమె మాత్రం మామూలుగా, “జరసేపాగి రా తమ్మీ, పనిల ఉన్నం,” అని కేకేసింది. కాగితాలు సర్ది అట్ట ఫైల్లో పెట్టుకుంది.

స్టేషన్లో ఉన్న హెడ్ కానిస్టేబుల్ పెద్దాయన, మంచిగానే మాట్లాడాడు. “బ్లాక్ చేస్కుంటే అయిపాయె గదమ్మా. ఈ తిరుగుడు పడగలవా?” అన్నాడు.

“బ్లాక్ చేస్తే నాకు రాదు సార్. ఇంకోళ్లకు పోతది. మేడం ఎవరన్న ఉంటే పిలిపియ్యుండ్రి, చెప్పి రాయిస్త.”

ఆయన ఆమె వైపోసారి, నా వైపోసారి చూశాడు. నేను ఏమీ మాట్లాడకపోవడం చూసి ఫోనందుకున్నాడు. పక్క స్టేషను నుంచి ఒక మహిళా ఎస్సై వచ్చింది. చిన్న వయసు, తలకు హెల్మెట్, మోకాళ్ల దాకా బురద. హెల్మెట్ తీస్తూనే, “లేటైందా అమ్మా? వాగు పొంగింది,” అంది. నన్ను బయట కూర్చోమంది.

కిటికీ కింద బల్ల మీద కూర్చున్నాను. లోపలి మాటలు సగం సగం వినపడుతున్నాయి. ఎస్సై అడిగింది. “ఫోటోలో ఏముందో మీ మాటల్లో చెప్పండి. అట్లనే రాయాలె.”

నా భార్య చెప్పింది. ఆ మాటను తిట్టుగా తప్ప మామూలు మాటగా పలకడం నేనెప్పుడూ వినలేదు. మోచేయి అన్నట్టు, మోకాలు అన్నట్టు అంది. గిరాకీ కొలతలు చదివేటప్పుడు ఏ గొంతు ఉంటుందో అదే గొంతు. ఎక్కడా తడబడలేదు. కూర్చున్నవాణ్ణి ఎందుకో లేచి నిలబడ్డాను.

బయటికి వచ్చాక సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగింది. “రాసుకున్నరు. ఫోన్ ఇచ్చి పొమ్మంటున్రు,” అంది.

ఎస్సై కూడా ఆ మాట కొంచెం ఇబ్బందిగానే చెప్పింది. “అందులో ఉన్నదంతా కాపీ తియ్యాలమ్మా. కొన్ని రోజులు మా దగ్గరుంటది. మీకు పని టైమని తెల్సు.” ఆ సీజను ఆర్డర్లన్నీ అందులోనే ఉన్నాయి. ఎవరికి ఏ నెక్కు, ఎవరికి ఏ చేయి, అన్నీ. నా భార్య ఫోనును కొంగుతో ఒకసారి తుడిచి బల్ల మీద పెట్టింది. “తీస్కోండి మేడం.”

మర్నాడు పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి ఆమె గుమ్మానికి పలక కట్టి ఉంది. సుద్దముక్కతో పెద్దపెద్ద అక్షరాలు: “ఫోను పోలీస్ స్టేషన్‌లో ఉంది. డిజైన్లు కాగితం మీద తెండి.”

“రిపేరుకిచ్చినం అని రాయొచ్చు గదా,” అన్నాను.

“రిపేరుకియ్యలే గదా,” అంది.

ఇంక వచ్చిన ప్రతి మనిషీ అడగడమే. ఎందుకు ఉంది, ఏమైంది అని. ఆమె అందరికీ ఒక్కటే జవాబు. మెడలో టేపు సరిచేసుకుంటూ, “ఎవడో బూతు ఫోటో పంపిండు. కేసు పెట్టిన. చెయ్యి పైకెత్తు,” అనేది. అంతే. వాళ్లు నోరు తెరిచి చెయ్యి పైకెత్తేవాళ్లు.

బస్సు కోసం నిలబడే మగవాళ్లు కొన్నాళ్లు ఆ పలక చదివి నవ్వుకున్నారు. నా సెంటరుకు వచ్చిన ఒకతను, “అన్నా, వదిన మామూలుది గాదు,” అని కన్నుగీటాడు. “అవ్, మామూలుది గాదు,” అన్నాను నేను. నేనన్న తీరు వేరు. అతనికి అర్థమైనట్టుంది, జిరాక్స్ తీసుకుని వెళ్లిపోయాడు.

పది రోజుల్లో పలక చదివి నవ్వేవాళ్లు తగ్గారు. ఇంకొకటి మొదలైంది. బ్లౌజు వేసి చూసుకోవడానికి షాపులో ఓ మూల తెర కట్టి ఉంటుంది. ఆ తెర వెనక గుసగుసలు వినపడసాగాయి. “అక్కా, నాగ్గూడ వచ్చింది గట్లాంటిది...” నా ప్రింటరు ఆగితే వాళ్ల మాట కూడా ఆగేది. అందుకని పని లేకపోయినా ప్రింటరు ఆడించేవాణ్ణి. ఊళ్లో పిల్లలకు చదువు చెప్పే ఒకామె, కాలేజీకి పోయే ఒకమ్మాయి, మొగుడు దూరదేశంలో ఉన్న ఇంకొకామె. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు అంతకుముందు. నా భార్య వాళ్లకు పెద్దగా ఏమీ చెప్పేది కాదు. “తీసెయ్యకు. దాచిపెట్టు. పోదామంటే నేనొస్త,” అనేది. అందరూ వెళ్లలేదు. వెళ్లినవాళ్లతో మాత్రం పని ఆపుకుని మరీ వెళ్లింది.

ఆ రోజుల్లో కాగితాల మీద వచ్చిన డిజైన్లు చూడాలి. హంసలు కోళ్లలాగ ఉండేవి, తామరపూలు క్యాబేజీల్లాగ ఉండేవి. వాటిని చూసి ఆమె నవ్వేది. కేసు మొదలయ్యాక ఆమె నవ్వడం నేను విన్నది అప్పుడే.

ఆ ఫోటో మొదట చూసింది గూడెం చెల్లె కాబట్టి ఆమె సాక్ష్యం కావాలన్నారు. ఆడమనిషిని స్టేషనుకు రప్పించనక్కర్లేదనీ, తామే ఇంటికి వెళ్లాలనీ ఎస్సై చెప్పింది. అందరం వెళ్లాం. మళ్లీ అదే మంచం. ఈసారి ఆ చెల్లె బయటికి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది. అత్త పొయ్యి దగ్గర నుంచి చూస్తోంది. మొగుడు చేతులు కట్టుకుని ఉన్నాడు.

“ఏం జరిగిందో చెప్పమ్మా. భయం లేదు,” అంది ఎస్సై.

“ఫోటో వచ్చింది. డిజైన్ అనుకొని తెరిచిన. ఫోన్ ఇసిరేసిన. అక్క తీసుకుంది.” మొగుడి వైపు చూడకుండా ఇంకో మాట కలిపింది. “అక్క తప్పు లేదు. నా తప్పు లేదు. గది గూడ రాయుండ్రి.”

ఎస్సై రాసుకుంది. మొగుడు గొంతు సవరించుకుని అడిగాడు. “వాణ్ణి ఏం జేస్తరు మేడం?”

“దొరకంగానే కోర్టుకు తీస్కపోతం.”

“మా వోళ్లు పోయి చెప్పినా గూడ పట్టించుకుంటరా గిట్ల?”

“ఇప్పుడు మీ ఇంట్లోనే గదా కూర్చున్న,” అంది ఆమె.

కొన్నాళ్లకు అతనే భార్యను బండి మీద తెచ్చి షాపు ముందు దించాడు. తాను లోపలికి వెళ్లకుండా నా దగ్గరకు వచ్చి ఆధార్ జిరాక్స్ అడిగాడు. తీసిచ్చాను. అది చేతిలో పట్టుకుని గోడ దారిలోంచి అటువైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. లోపల ఇద్దరూ ఫ్రేము మీద వంగి ఏ రంగు దారం అయిపోయిందో మాట్లాడుకుంటున్నారు.

తర్వాత పోలీసులు మనిషిని పట్టుకున్నారు. దూరపువాడు కాడు. ఖమ్మం వైపు ఓ ఊరు, ప్రైవేటు ఉద్యోగం, పెళ్లాం, పిల్లలు. నంబరు ఎక్కడిదని అడిగితే, ఇంట్లో మేకుకు తగిలించిన బ్లౌజు కవరు మీద చూశానన్నాడట. ఆ మాట ఎస్సై చెప్పగానే నా భార్య స్టూలు మీద కూలబడింది. మొత్తం వ్యవహారంలో ఆమె అట్లా కావడం అదొక్కసారే చూశాను.

“వాని పెండ్లాం బ్లౌజు నేనే కుట్టిన,” అంది. “మంచి మనిషి. మెడ ఎనక దోరీలు వద్దు, పిల్లగాడు గుంజుతడు అన్నది.”

అతని భార్య ఓ మధ్యాహ్నం ఒంటరిగా బస్సు దిగి వచ్చింది. షాపులోకి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. ఫోను తిరిగొచ్చింది కాబట్టి పలక అప్పటికి తీసేశాం. నా భార్య చూసి, “లోపలికి రా చెల్లె,” అంది. కూర్చోగానే ఆమె ఏడ్చింది.

“అక్కా, ఆయన ఉద్యోగం పోతది. నా మొఖం చూసి వాపస్ తీస్కో.”

“నీ అంతట నువ్వు వచ్చినవా, ఎవరన్న పంపిన్రా?”

“అత్త పంపింది.”

నా భార్య ఆమె పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. “కేసు ఆయన మీద. నీ మీద గాదు, నీ పిల్లల మీద గాదు. వాపస్ తీస్కోను. నీతోటి అబద్ధం ఎందుకు చెప్పాలె? గానీ నువ్వు ఎప్పుడొచ్చినా నీ బ్లౌజు నేనే కుడ్త. ఎవరన్న ఏమన్నంటే నాతోటి చెప్పు.”

ఆమె తల ఊపింది. ఒప్పుకున్నట్టో, కాదన్నట్టో తెలియలేదు. నేను టీ తెప్పించాను. తర్వాత ఇద్దరూ వెళ్లి బస్సు వచ్చేదాకా బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. బస్సెక్కేటప్పుడు ఆమె చేతి సంచి నా భార్య అందించింది.

ఆ తర్వాతి వారం వాళ్ల ఊరి పెద్దమనుషులు వచ్చారు, నా దగ్గరికి. “తప్పయింది, దండం పెట్టిస్తం. ఆమెకు నువ్వు చెప్పు,” అన్నారు. “ఆమె పక్కనే ఉంది, మీరే చెప్పుండ్రి,” అన్నాను. గోడ అవతల కత్తెర చప్పుడు వినపడుతోంది. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్కరూ అటు వెళ్లలేదు. టీ తాగి లేచారు.

కోర్టుకు చాలాసార్లు తిరిగాం. వాయిదా పడిన ప్రతిసారీ ఆమె తిట్టుకునేది, పోయిన పనికి. చివరికి ఆమెను బోనులోకి పిలిచారు. అవతలి లాయరు గౌరవంగానే మాట్లాడాడు, కానీ ప్రశ్న చురుక్కుమనేలా వేశాడు.

“తెలియని నంబరు నుంచి వచ్చిన ఫోటో మీ షాపులో ఎందుకు తెరిచారమ్మా?”

“తెల్వని నంబర్ల నుంచి వచ్చినయ్ తెరిస్తేనే సార్ నాకు పని. తెల్సినోళ్లకే కుట్టేదుంటే ఇంట్లనే కుట్టేదాన్ని, షాపెందుకు?”

“బోర్డు మీద నంబరు పెట్టుకున్నారు. ఎవరైనా ఏదైనా పంపవచ్చని మీకు తెలియదా?”

“బోర్డు మీద బ్లౌజులు, ఫాల్, పీకో అని రాసున్నది సార్. దానికే పెట్టిన నంబర్.”

జడ్జిగారు తల ఎత్తకుండా రాసుకున్నారు. కోర్టు హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆ మనిషి బోను అవతల చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చూడ్డానికి మామూలుగా ఉన్నాడు. బస్సులో పక్కన కూర్చుంటే జరిగి చోటిచ్చే రకం. అతన్ని కొట్టాలని ఒకప్పుడు నాకు చేతులు దురద పెట్టాయి. ఆ రోజు మాత్రం నేను అతన్ని కాసేపే చూశాను. మిగతా అంతసేపూ ఆమెనే చూస్తూ ఉన్నాను.

తీర్పు వచ్చిన నాడు నేరం రుజువైందన్నారు. జైలు, జరిమానా రెండూ వేశారు. అతను పైకోర్టుకు పోతాడని, బెయిలు అడుగుతాడని మా వకీలు గిరాకీ ముందే చెప్పారు. అట్లాగే జరిగింది. నా భార్య దాని గురించి మళ్లీ అడగలేదు. “రాసిచ్చిన్రు గదా తప్పని. గది చాలు,” అంది.

కోర్టు నుంచి బస్టాండుకు నడిచి వచ్చాం. ఆకలైతుందంది. మిర్చి బజ్జీలు కొనుక్కుని నిలబడి తిన్నాం. అప్పుడు అడిగాను, ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది.

“భయం కాలేదా నీకు?”

“ఎందుకు గాలే? ఆ మేడం ఏముందో చెప్పుమన్నప్పుడు నాలిక ఎండిపోయింది. చెప్పకుంటే ఆమె ఏం రాస్తది మరి?” ఇంకో బజ్జీ తీసుకుంది. “ఒక్కసారి చెప్పినంక భయం పోయింది. మామూలు మాటే అది.”

నేను ఏదో మంచి మాట చెప్పాలనుకున్నాను. మా ఇంట్లో అట్లాంటివి చెప్పుకునే అలవాటు లేదు. నా చేతిలో మిగిలిన బజ్జీ ఆమెకిచ్చాను. తీసుకుంది.

అంతలో మా బస్సు వచ్చింది. జనం తలుపు దగ్గర గుమిగూడారు. నేను వెనకబడ్డాను. ఆమె అటు పోకుండా కిటికీ దగ్గరకు వెళ్లి, మునివేళ్ల మీద లేచి, చేతిరుమాలు లోపలికి విసిరింది. సీటు మీద సరిగ్గా పడింది. ఎవరో దాన్ని పక్కకు జరపబోయినట్టున్నారు. “ఓ అన్నా! ఇద్దరమున్నం, చూస్కో!” అని బయట నుంచే గట్టిగా కేకేసింది. నా వైపు తిరిగి, “జల్దీ ఎక్కు,” అంది.